వానలకు ముందే బ్లడ్ గ్రూపు తేల్చుకోండి

వానలు మొదలయ్యాక బెంగళూరులో డెంగీ కేసులు పెరగడం ఏటా చూస్తున్నదే. డెంగీ వచ్చిన అందరికీ రక్తమో ప్లేట్‌లెట్లో ఎక్కించరు. కానీ మారతహళ్లి, కేఆర్ పురం పీజీ హాస్టళ్లలో ఉండే మనవాళ్లకు జ్వరమొస్తే పక్కన ఇంట్లోవాళ్లు ఉండరు. ఆ టెన్షన్‌లో చాలామంది చెప్పేది ఎప్పుడో ఆఫీసు క్యాంపులో వేలికి సూది గుచ్చి చెప్పిన గ్రూపే. అది చాలాసార్లు సరైనదే అవుతుంది. అయినా దాన్ని నమ్మి రక్తం ఎక్కించకూడదు.

క్యాంపులో స్లైడ్ మీద మూడు రక్తపు చుక్కలు వేస్తారు. గ్రూపు తేల్చే ద్రవాలను (రియేజెంట్లు) వాటికి కలుపుతారు. ఒకదానికి నీలం రంగు యాంటీ-ఏ, ఇంకోదానికి పసుపు యాంటీ-బి, మూడోదానికి రంగులేని యాంటీ-డి కలిపి, స్లైడ్‌ను అటూ ఇటూ వంచుతారు. ఆ ద్రవానికి సరిపడే గ్రూపు అయితే రక్తం విరిగిన పాలలా పలుకులు కడుతుంది. రెండు నిమిషాల్లోపే చూసేయాలి. ఫ్యాన్ కింద ఆలస్యమైతే అంచులు ఎండిపోయి, లేని పలుకులు ఉన్నట్టు కనిపిస్తాయి. రియేజెంట్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పొద్దుటినుంచీ టేబుల్ మీదే ఉంటే బలం తగ్గుతుంది. మొహమాటపడకుండా అడగండి.

కంటికి తెలియనివీ ఉన్నాయి. గ్రూపు పాజిటివా నెగటివా అన్నది తేల్చే డి యాంటిజెన్ (ఎర్రకణాల మీద ఉండే పదార్థం) బలహీనంగా ఉన్నవాళ్లు స్లైడ్ మీద నెగటివ్‌గా తేలవచ్చు. 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు వెల్లడించిన బాంబే గ్రూపు అనే అరుదైన గ్రూపు అచ్చం 'ఓ' (O) గ్రూపులాగే కనిపిస్తుంది. ఆ గ్రూపువాళ్లకు 'ఓ' గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. బ్లడ్ బ్యాంకులో ఎర్రకణాలతోపాటు సీరమ్‌నూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) విడిగా పరీక్షిస్తారు, కాబట్టి తేడా అక్కడ దొరుకుతుంది. ఆపైన, ఎక్కించే రక్తాన్ని పేషెంటు రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ ఉండనే ఉంది. అందుకే జ్వరాలు రాకముందే ఓసారి బ్లడ్ బ్యాంకుకు వెళ్లి గ్రూపు తేల్చుకోండి. రక్తదానం చేస్తే ఇంకా మంచిది.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ భయం లేబుల్ గురించే. తప్పు రక్తం ఎక్కించిన ఘటనల్లో ఎక్కువ భాగం పేషెంట్లు తారుమారవడం వల్లే జరుగుతాయి. వార్డులో శ్రీనివాసులు ఇద్దరుంటారు. నర్సు కన్నడంలో "శ్రీనివాస్ అల్వా?" (శ్రీనివాస్ కదా?) అంటే, జ్వరం మత్తులో ఉన్నవాడు ఊఁ అనేస్తాడు. పేరు పేషెంటు నోటితోనే చెప్పించమనండి. శాంపిల్ ట్యూబు మీద పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) మంచం దగ్గరే రాయించండి. బ్యాగు తగిలించేముందు అవే వివరాలు మళ్లీ సరిచూడమనండి. మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండండి. చలి, నడుం నొప్పి, ఆయాసం, ఏది మొదలైనా వెంటనే ఆపమని నర్సుకు చెప్పండి.