అమెరికా చలికాలంలో ఆఫీసు నుంచి ఇంటికి: గోదావరి డెల్టా నుంచి కొత్తగా వెళ్ళినవారికి సూచనలు

భీమవరం, అమలాపురం, తణుకు, నరసాపురం, కాకినాడ వైపుల నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్ళి, అక్కడ మొదటి చలికాలంలో కారు నడపబోతున్నవారి కోసం ఈ సూచనలు. ధనుర్మాసం పొగమంచులో కాలవగట్టు మీద బండి నడిపినవారికి ఎదర ఏమీ కనపడకపోతే ఏం చెయ్యాలో కొత్తగా చెప్పనక్కర్లేదు. మనకి బొత్తిగా అలవాటు లేనిది టైరు కింద పట్టు ఉన్నట్టుండి పోవడం. డెల్టాలో సంక్రాంతి చలి ఎంత ముదిరినా నీళ్ళు గడ్డకట్టవు. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా ఎప్పుడైనా కట్టవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తున్నాం. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరతారా లేదా అన్నది చాలావరకు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగానే తేలిపోతుంది. బయల్దేరకూడని వేళ బయల్దేరితే ఎంత నేర్పు ఉన్నా చాలదు.

ఎప్పుడు బయల్దేరాలి

డిసెంబరులో షికాగోలో సాయంత్రం 4:20కి, మినియాపొలిస్‌లో నాలుగున్నరకి పొద్దు కుంకుతుంది. పగలు ఎండకి కరిగి రోడ్డు మీద పారిన నీరు, పొద్దు వాలగానే మళ్ళీ గడ్డకడుతుంది. సరిగ్గా అదే వేళకి ఆఫీసులు వదులుతాయి. రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కదా అనుకుంటారేమో. మామూలు ఉప్పు ఫారెన్‌హీట్ 15 డిగ్రీల (సుమారు మైనస్ 9 సెల్సియస్) కంటే దిగువన పెద్దగా పనిచెయ్యదు. మధ్యాహ్నం తడిగా, నల్లగా కనిపించిన రోడ్డే రాత్రి ఏడింటికి అద్దంలా మారేది అందుకే.

అమెరికా వాతావరణ శాఖ (నేషనల్ వెదర్ సర్వీస్) ఇచ్చే హెచ్చరికల్లో తేడా తెలుసుకోండి. వింటర్ స్టార్మ్ వాచ్ అంటే తుపాను రావచ్చు, సిద్ధంగా ఉండమని. వార్నింగ్ అంటే వచ్చేసింది, లేదా వచ్చి తీరుతుందని. అడ్వైజరీ అంత తీవ్రం కాదు గాని, కొత్తగా నడిపేవారు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఫోను గట్టిగా మోగి స్నో స్క్వాల్ వార్నింగ్ వస్తే, కాసేపట్లో కారు ముందు భాగం కూడా కనబడనంత స్నో మీద పడబోతోందని అర్థం. అది చాలాసార్లు అరగంట, గంటలో దాటిపోతుంది. ఆ కాసేపూ ఆఫీసులోనే ఆగండి. దారిలో ఉంటే హైవే దిగి పెట్రోలు బంకులో ఆగండి. బఫెలో, ఈరీ, సిరక్యూస్ లాంటి పెద్ద సరస్సుల దగ్గరి ఊళ్ళలో ఇంకో చిక్కుంది. అక్కడ స్నో సన్నటి పట్టీలుగా పడుతుంది. ఆఫీసు దగ్గర ఎండ కాస్తుంటే పది మైళ్ళ అవతల ఇంటి దగ్గర అడుగు మందం పేరుకుని ఉండవచ్చు. అందుకని కిటికీలోంచి చూసి నిర్ణయించుకోవద్దు. రోడ్ల పరిస్థితి చెప్పే మీ రాష్ట్రం 511 సైటులో దారి పొడుగునా కెమెరాలు చూడండి.

అందరితోపాటు ఒకేసారి బయల్దేరడం కూడా ప్రమాదమే. 2014 జనవరి 28న అట్లాంటాలో పడింది రెండు మూడు అంగుళాల స్నో. మధ్యాహ్నం బడులూ ఆఫీసులూ ఒక్కసారే వదిలేశారు. రోడ్లన్నీ కార్లతో నిండిపోయాయి, ఉప్పు బళ్ళు కదలలేకపోయాయి, కార్ల చక్రాల కింద స్నో నలిగి ఐస్ అయింది. ఎంతోమంది రాత్రంతా కార్లలోనే గడిపారు. కాబట్టి సాయంత్రం స్నో అని పొద్దున్నే తెలిస్తే ఇంటి నుంచే పని చేస్తామని అడగండి. అది కుదరకపోతే పన్నెండు లోపు బయల్దేరండి. అదీ దాటిపోతే రోడ్లు శుభ్రం చేసేదాకా ఉండిపోండి. కొత్త ఉద్యోగం, వీసా భయం, మేనేజరు ఏమనుకుంటారో అనే మొహమాటం మనవాళ్ళకి ఎక్కువ. ఆ ప్రాంతాల్లో ఇది రోజూ వినే మాటే, ఎవరూ తప్పు పట్టరు. "మీటింగు ఇంటి నుంచి కలుస్తాను, చీకటి పడకముందే వెళ్ళాలి" అంటే చాలు.

వంతెనలూ, కనపడని ఐస్

రోడ్డు మీద పలచగా పట్టే ఐస్‌ని బ్లాక్ ఐస్ అంటారు గాని, అది నిజానికి నల్లగా ఉండదు. పారదర్శకంగా ఉండి కింద తారు కనిపిస్తుంది, చూస్తే తడి రోడ్డే అనిపిస్తుంది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల బురద తారురోడ్డు మీద రాలి, దానిమీద సన్నటి జల్లు పడితే మోటారు సైకిలు ఎలా జారిపోతుందో మీకు తెలుసు. బ్లాక్ ఐస్ మీద జారేదీ అలాగే, కాకపోతే బురద కంటికి కనపడుతుంది, ఇది కనపడదు. కారు డాష్‌బోర్డు మీద బయటి ఉష్ణోగ్రత 38 ఫారెన్‌హీట్ కంటే తగ్గిందంటే ఐస్ ఉందనే అనుకుని నడపండి. ఆ అంకె గాలిది. నేల ఇంకా చల్లగా ఉండవచ్చు. ముందు కార్ల టైర్ల నుంచి నీళ్ళు చిందడం ఉన్నట్టుండి ఆగిపోయినా, రోడ్డు మాత్రం తడిగా మెరుస్తూనే ఉంటే, ఆ తడి గడ్డకట్టిందన్నమాట.

వంతెనలు ముందు గడ్డకడతాయి. మామూలు రోడ్డుకి కింద నేల వెచ్చదనం ఉంటుంది, వంతెనకి పైనా కిందా చల్లగాలే. చించినాడ, సిద్ధాంతం, జొన్నాడ వంతెనలు ఎక్కి దిగిన అలవాటు మనకుంది గాని, వంతెన మీద రోడ్డు మారిపోతుందన్న ఆలోచన మనకి రాదు. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో, ఐ-35 డబ్ల్యూ మీద ఎత్తుగా ఉన్న టోల్ లేన్లలో ఐస్ పట్టి వందకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. డల్లాస్ వైపు ఉంటున్నాం, మాకు చలికాలం లేదనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ స్నో కంటే, నేలని తాకగానే గడ్డకట్టే వాన ఎక్కువ ప్రమాదం. అది పడే రోజు ఏ టైర్లైనా ఒకటే, కారు బయటికి తియ్యవద్దు.

వంతెన వచ్చేముందే వేగం తగ్గించుకోండి. వంతెన మీద బ్రేకు వెయ్యకుండా, స్టీరింగు తిప్పకుండా, లేను మారకుండా దాటండి.

కారు

టైర్లకి పెట్టే డబ్బు దండగ కాదు. ఆల్ సీజన్ టైర్ల రబ్బరు 45 ఫారెన్‌హీట్ (7 సెల్సియస్) కంటే దిగువన గట్టిపడి పట్టు తగ్గుతుంది. మిషిగన్, మినిసోటా, అప్‌స్టేట్ న్యూయార్క్ లాంటి చోట్ల వింటర్ టైర్లు కొనండి. వాటి పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటుంది. నాలుగూ మార్చాలి. డబ్బు కలిసొస్తుందని రెండే మారిస్తే ఒక చివర పట్టి ఇంకో చివర జారుతుంది, మలుపులో కారు గిర్రున తిరుగుతుంది. అరుగుదల చూడటానికి క్వార్టర్ (పాతిక సెంట్ల) బిళ్ళ తీసి, వాషింగ్టన్ తల కిందికి ఉండేలా టైరు గాడిలో పెట్టండి. తల పైఅంచు కనిపిస్తే లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు కంటే తక్కువని లెక్క. స్నోలో ఆ టైరు పనికిరాదు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే టైర్లో గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబరులో 60 డిగ్రీలప్పుడు కొట్టించిన గాలి జనవరిలో 10 డిగ్రీలకి వచ్చేసరికి 5 పీఎస్ఐ తక్కువ ఉంటుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ కొన్నాం కదా అని ధీమా పడవద్దు. అవి కదలడానికి సాయపడతాయి, ఆగడానికి కాదు.

మన దగ్గర అద్దం కడిగే డబ్బాలో కుళాయి నీళ్ళు పోసేస్తాం. అక్కడ అవి గడ్డకట్టి డబ్బా పగులుతుంది. మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదని రాసి ఉన్న ద్రవమే పొయ్యండి. అది విషం, పిల్లలకి అందనివ్వవద్దు. బ్యాటరీకి మూడేళ్ళు దాటితే చలి రాకముందే పరీక్ష చేయించండి. కారు విడిభాగాల షాపుల్లో చాలావాటిలో ఉచితంగా చూస్తారు. పెట్రోలు సగం ట్యాంకు కంటే తగ్గనివ్వవద్దు.

పార్కింగులో పదిహేను నిమిషాలు

ఇంజను పెట్టేముందు వైపర్ల స్విచ్చి ఆపి ఉందో లేదో చూసుకోండి. అద్దానికి అతుక్కుపోయిన వైపర్లు లాగబోయి మోటారు కాలిపోవచ్చు. సైలెన్సరు గొట్టం చుట్టూ ఉన్న స్నో తీసి, అప్పుడు ఇంజను పెట్టండి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. మూసిన గరాజులో ఇంజను వెయ్యనే వద్దు. తర్వాత కప్పు మీది స్నో దులపండి. అలాగే వదిలేస్తే బ్రేకు వెయ్యగానే అదంతా జారి మీ ముందు అద్దం మీదకే వస్తుంది, హైవే మీద పలకలుగా ఎగిరి వెనకవారి మీదా పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో దీనికి జరిమానా కూడా ఉంది. అద్దాలన్నీ, లైట్లూ పూర్తిగా గీకాలి, ముందు చిన్న కన్నం చేసుకుని బయల్దేరకూడదు. త్వరగా కరుగుతుందని వేణ్ణీళ్ళు పొయ్యకండి, అద్దం పగులుతుంది.

లోపల అద్దానికి ఆవిరి పడితే మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఎండల అలవాటుకొద్దీ గాలి లోపలే తిరిగే బటన్ వేసి ఉంచుతారు. తడి బూట్ల తేమ, ఊపిరి తేమ బయటికి పోక అద్దం మసకబారుతుంది. ఆ బటన్ తీసేసి, హీటరుతోపాటు ఏసీ కూడా వెయ్యండి. ఏసీ తేమని పీల్చేస్తుంది.

రోడ్డు మీద

నలిగిన స్నో మీద మామూలు వేగంలో సగం దాటవద్దు. ముందు కారు ఒక స్తంభం దాటాక మీరు దాన్ని చేరడానికి ఎనిమిది నుంచి పది సెకన్లు పట్టాలి. ఐస్ మీద ఆగడానికి పొడి రోడ్డు కంటే పది రెట్ల దూరం దాకా పట్టవచ్చు. క్రూజ్ కంట్రోల్ వెయ్యకండి. చక్రం జారినా అది వేగం నిలబెట్టాలనే చూస్తుంది. స్నో పడుతుంటే హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్ళలోకే కొడుతుంది, లోబీమ్ చాలు. డెల్టా అంతా బల్లపరుపు నేల కాబట్టి పిట్స్‌బర్గ్, సిన్సినాటి లాంటి ఊళ్ళలో దిగుడు రోడ్లు మనకి కొత్త. దిగుడు మొదలవకముందే ఆటోమేటిక్‌లో తక్కువ గేరుకి మార్చి, ఇంజను పట్టుతోనే దిగండి.

ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో ఆపాలంటే బ్రేకు గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. కాలి కింద గడగడలాడుతుంది. అది పాడైన శబ్దం అనుకుని కాలు తీసేవారే ఎక్కువ. తియ్యవద్దు. కారు జారడం మొదలైతే యాక్సిలరేటరు వదిలేసి, మీరు వెళ్ళాలనుకున్న వైపు చూస్తూ అటే మెల్లగా స్టీరింగు తిప్పండి. గుద్దుకుంటామేమో అనుకున్న చెట్టు వైపు చూస్తే చేతులూ అటే పోతాయి. పట్టు తిరిగి దొరకగానే స్టీరింగు సరిచెయ్యకపోతే రెండోవైపు విసురుతుంది.

స్నో తోసే బండి ఎదురైతే దాటవద్దు. దాని వెనక రోడ్డే ఆ సాయంత్రానికి మంచి రోడ్డు. రెండు వందల అడుగులు వెనకే ఉండండి.

ఇంకో అలవాటు. చాలామంది ఆఫీసు నుంచి వస్తూ ఇంటికి ఫోను చేస్తారు. షికాగోలో సాయంత్రం అయిదంటే మన దగ్గర తెల్లవారుజామున నాలుగున్నర. అమ్మ లేచి కళ్ళాపి చల్లే వేళకి ఫోను వస్తుందని ఎదురుచూస్తూ ఉంటుంది. స్నో పడే రోజుల్లో ఇల్లు చేరాకే చేస్తానని ముందే చెప్పి ఉంచండి. ఆలస్యమైతే ఆవిడా కంగారు పడదు, దారిలో మీ ధ్యాసా చెదరదు.

చిక్కుకుపోతే

దుప్పటి, ఊలు టోపీ, చేతితొడుగులు, బూట్లు, టార్చి, ఫోను చార్జరు, చిన్న పార, పది కిలోల ఇసుక సంచి కారులో ఎప్పుడూ ఉండాలి. తిండికి ఇంటి నుంచి వచ్చిన సున్నుండలూ, జంతికలూ బాగా పనికొస్తాయి, పాడవవు, బలాన్నిస్తాయి. నీళ్ళ సీసా నిండా నింపితే గడ్డకట్టి పగులుతుంది, ముప్పావు చాలు.

చక్రాలు కూరుకుపోతే యాక్సిలరేటరు గట్టిగా తొక్కకండి, ఇంకా లోతుకి దిగుతాయి. చక్రాలు తిన్నగా పెట్టి, చుట్టూ స్నో తీసి, తిరిగే చక్రాల కింద ఇసుక చల్లి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. కదలకపోతే 911కి ఫోను చేసి, పక్కన కనిపించే మైలు నంబరు చెప్పండి. మంచు తుపానులో కారు దిగి నడవవద్దు. 2022 డిసెంబరులో బఫెలో తుపానులో చనిపోయినవారిలో కార్లలో చిక్కుకున్నవారూ, బయట చలికి బలైనవారూ ఉన్నారు. గంటకి పది నిమిషాలు ఇంజను వేసి వెచ్చబడండి. వేసే ప్రతిసారీ దిగి సైలెన్సరు గొట్టం చూసుకోండి, ఒక కిటికీ వేలెడు తెరవండి. అదే, హైవే మీద ఐస్ వల్ల గుద్దుకుని వెనక నుంచి కార్లు వస్తుంటే లెక్క వేరు. దిగడానికి దారి ఉంటే రోడ్డు పక్క అడ్డుగోడ అవతలికి వెళ్ళండి. లేకపోతే బెల్టు పెట్టుకుని లోపలే ఉండండి.

బీమా సంగతి: పాత కారు కదా అని లయబిలిటీ (ఎదుటివారి నష్టానికి మాత్రమే ఇచ్చే బీమా) ఒక్కటే తీసుకుంటే, జారి స్తంభాన్ని గుద్దినప్పుడు మీ కారుకి ఒక్క డాలరూ రాదు. దానికి కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు నష్టానికి ఇచ్చేది) ఉండాలి, కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళ లాంటి నష్టాలకి ఇచ్చేది) ఒక్కటే ఉన్నా రాదు. రోడ్డు పక్క సాయం కూడా కలిపి తీసుకోండి, టోయింగు ఖర్చు తప్పుతుంది.