టైల్స్ పని సొంతంగా మొదలుపెట్టడం ఎలా? వేగం, నాణ్యత రెండూ నిలబెట్టుకునే పద్ధతి

మేస్త్రీ కింద పనిచేసినంత కాలం వేగం గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. రోజుకు ఎన్ని అడుగులు పడాలన్నది ఆయన చూసుకుంటాడు, మన కూలి మనకు వస్తుంది. సొంతంగా పని పట్టుకున్న రోజు నుంచి ఆ భారమంతా మన మీదే. నెమ్మదిగా చేస్తే గిట్టుబాటు కాదు, తొందరపడితే పగలగొట్టి మళ్లీ వేయాల్సి వస్తుంది. అందుకే కొత్తవాళ్లు చాలామంది టైల్ అతికించడంలోనే వేగం పెంచాలని చూస్తారు. కానీ అక్కడ మిగిలే సమయం చాలా తక్కువ. గంటలకు గంటలు పోయేది బేస్ (టైల్స్ కింద ఉండే నేల, గోడ) సరిగ్గా లేక సర్దుకోవడంలో, ఒక్కో ముక్క కోసం కట్టర్ దగ్గరికి తిరగడంలో, గట్టిపడిన గమ్‌ను (టైల్ అతికించే అడెసివ్‌ను) టైల్స్ మధ్య జాయింట్లలోంచి గీకడంలో. వేగం పెంచాల్సింది అక్కడే.

1. మీ వేగం ఎంతో రాసుకోండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఆ రోజు ఎన్ని చదరపు అడుగులు వేశారు, ఎన్ని కటింగులు పడ్డాయి, బేస్ సర్దడానికి, గ్రౌటింగ్‌కు (జాయింట్లు నింపడానికి) ఎన్ని గంటలు పట్టింది, ఇవి రాస్తే చాలు. నాలుగైదు పనులయ్యేసరికి మీ అసలు వేగం తెలిసిపోతుంది. రేటు, గడువు రెండూ ఆ పుస్తకం చూసే చెప్పండి. పాతికేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ మూడు రోజుల్లో చేస్తాడని మీరూ మూడు రోజులని ఒప్పుకోకండి.

హాలుకు, బాత్రూమ్‌కు ఒకే రేటు చెప్పడం కూడా నష్టమే. హాల్లో నిండు టైల్స్ వరసగా పడిపోతాయి. బాత్రూమ్‌లో విస్తీర్ణం తక్కువైనా పైపుల చుట్టూ రంధ్రాలు, మూలలు, నీళ్లు పోయే వాలు ఉంటాయి. చిన్న బాత్రూమ్‌లకు అడుగుల లెక్క వదిలేసి, మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకోవడమే మంచిది.

2. మాట ఇచ్చే ముందు సైట్ చూడండి

ఫోన్‌లో కొలతలు విని రేటు చెప్పేయకండి. స్వయంగా వెళ్లి గోడల తూకం (నిటారుగా ఉన్నాయా లేదా), నేల మట్టం, తలుపు కింద ఖాళీ చూడండి. పాత టైల్స్ తీయడం, బేస్ సరిచేయడం, వాటర్‌ప్రూఫింగ్, చెత్త ఎత్తడం ఎవరి బాధ్యతో ముందే తేల్చుకుని మెసేజ్ రూపంలో పంపండి. అడ్వాన్స్ ఎంత, టైల్స్ పడ్డాక ఎంత, గ్రౌటింగ్ అయ్యాక ఎంత అన్నదీ అందులోనే ఉండాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ముందు అనుకోని అదనపు పనుల దగ్గరే.

టైల్స్ కూడా మామూలు గదికి పదోవంతు, ఐమూలగా వేయాలంటే ఇంకొంచెం అదనంగా తెప్పించమనండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా అని వేయకముందే చూడాలి.

3. బేస్ దగ్గర రాజీ వద్దు

రెండు మీటర్ల రూళ్లకర్ర నేల మీద అటూ ఇటూ తిప్పి చూడండి. పెద్ద టైల్స్ వేసేటప్పుడు దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే ముందు నేలను సరిచేయాలి. టైల్ కింద గమ్ ఎక్కువ వేసి సర్దుకుందాంలే అనుకుంటే ప్రతి టైల్ దగ్గరా ఆగాల్సి వస్తుంది. లెవెలింగ్ క్లిప్పులు అంచులను సమంగా పట్టి ఉంచుతాయి, అంతే. గుంటలున్న నేలను అవి బాగుచేయవు.

4. గమ్ కలపక ముందే లేఅవుట్ తేల్చండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఆదా అయ్యేది ఇక్కడే. గది వెడల్పు 310 సెంటీమీటర్లు, టైల్ 60, జాయింట్ 2 మిల్లీమీటర్లు అనుకుందాం. గోడల పక్కన 5 మిల్లీమీటర్ల చొప్పున సందు వదలాలి. ఒక గోడ నుంచి మొదలుపెడితే ఐదు నిండు టైల్స్ పడి, చివర 8 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. ఆ సన్నపు పట్టీలు కోస్తుంటే విరుగుతాయి, గోడ కాస్త వంకరగా ఉన్నా ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాని బదులు మధ్యలో నాలుగు నిండు టైల్స్ పెడితే రెండు వైపులా 34 సెంటీమీటర్ల ముక్కలు వస్తాయి. కటింగులు రెట్టింపైనా త్వరగా తెగుతాయి, గది కూడా సమంగా ఉంటుంది.

గోడలు మూలకు సరిగ్గా ఉన్నాయని ఎప్పుడూ నమ్మకండి. ఒక గీత మీద 3 అడుగులు, దానికి అడ్డంగా గీసిన గీత మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూలమట్టం కుదిరినట్టు. పెద్ద గదికి 6, 8, 10 అడుగులు తీసుకుంటే ఇంకా కచ్చితంగా వస్తుంది. తలుపు తెరవగానే కనిపించే చోట నిండు టైల్ వచ్చేలా ఒక వరస పొడిగా పరిచి, ఇంటివాళ్లకు చూపించి సరే అనిపించుకోండి. ఆ అరగంటతో, పని సగంలో ఉండగా మార్చమనే తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

5. అతికించేటప్పుడు

విట్రిఫైడ్ టైల్ బరువులో అర శాతానికి మించి నీళ్లు పీల్చదు. కాబట్టి దాన్ని నానబెట్టినా ఉపయోగం లేదు, మామూలు సిమెంట్ పాలతో దానికి పట్టు దొరకదు. పాలిమర్ కలిసిన టైల్ అడెసివ్ వాడండి. చాలా టైల్స్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచేయాలి.

గమ్ పరిచాక మామూలుగా 20 నిమిషాల్లోపు టైల్ పడాలి. ఎండ, ఫ్యాన్ గాలి ఉంటే ఆ సమయం ఇంకా తగ్గిపోతుంది. కాబట్టి ఆ వ్యవధిలో వేయగలిగినంత మేరే పరవండి. అనుమానం వస్తే వేలితో తాకి చూడండి. వేలికి అంటకపోతే పైపొర కట్టిందని అర్థం. దాన్ని గీకేసి కొత్తది వేయాలి. బకెట్‌లో బిగుసుకుంటున్న గమ్‌లో మళ్లీ నీళ్లు పోసి కలపడం మాత్రం వద్దే వద్దు.

పళ్ల తాపీతో చాళ్లన్నీ ఒకే దిక్కుకు గీయండి. టైల్ పెట్టి, చాళ్లకు అడ్డంగా కొద్దిగా జరుపుతూ నొక్కితే చాళ్లు కూలి, మధ్యనున్న గాలి బయటికి పోతుంది. పెద్ద టైల్‌కు వెనక కూడా పలుచగా గమ్ పూయాలి. మొదటి రెండు మూడు టైల్స్ వేశాక ఒకటి పైకి లేపి చూడండి. వెనకంతా గమ్ పట్టి ఉంటే అలాగే సాగిపోవచ్చు. చాళ్లు చాళ్లుగానే కనిపిస్తే పెద్ద పళ్ల తాపీ తీసుకోవాలి, లేదా ఇంకాస్త గట్టిగా నొక్కాలి. పొడిగా ఉండే గదుల్లో కనీసం 80 శాతం, తడి తగిలే చోట 95 శాతం గమ్ పట్టాలన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. తక్కువైతే తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుంది, ఏదైనా బరువైన వస్తువు పడితే అక్కడే పగులుతుంది.

టైల్ పడగానే జాయింట్లలోకి పొంగిన గమ్ తీసేయండి. తడిగా ఉన్నప్పుడు ఒక్క చేతి ఊపుతో పోతుంది. మర్నాడైతే ఒక్కో జాయింట్‌నూ బ్లేడుతో గీకుతూ కూర్చోవాలి.

6. కటింగులు ఒకేసారి

ముందు నిండు టైల్స్ అన్నీ వేసేయండి. తర్వాత అంచు ముక్కల కొలతలు వరసగా తీసి, ప్రతి ముక్క వెనకా నంబర్ రాసి, అన్నీ కలిపి కోయండి. గ్రైండర్‌తో కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. మోకాళ్లకు ప్యాడ్లు కూడా మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

7. గ్రౌటింగ్, అప్పగింత

అడెసివ్ బస్తా మీద ఇంకోలా రాసి ఉంటే తప్ప 24 గంటలు ఆగి గ్రౌట్ వేయండి. నీళ్లు కొలిచే కలపాలి. ఎక్కువైతే ఆరాక రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. స్పాంజ్ గట్టిగా పిండి తుడవాలి. నేల, గోడ కలిసే మూలల్లో గ్రౌట్ బదులు సిలికాన్ వేయండి, అక్కడ వచ్చే చిన్న కదలికలకు గ్రౌట్ పగులుతుంది.

అప్పగించే ముందు గదంతా తట్టి చూసుకోండి, బాత్రూమ్‌లో ఒక బకెట్ నీళ్లు పోసి ఎక్కడా నిలవకుండా పోతున్నాయో లేదో ఇంటివాళ్ల ముందే చూపించండి. మిగిలిన నాలుగు టైల్స్, గ్రౌట్ షేడ్ నంబర్ వాళ్ల దగ్గర ఉంచండి. రేపు ఎప్పుడైనా ఒక టైల్ మార్చాల్సి వస్తే అవి పనికొస్తాయి.

వరసగా కొన్ని పనుల్లో తీసి మళ్లీ వేయాల్సిన టైల్ లేకపోతే, అప్పుడు హెల్పర్‌ను పెట్టుకోండి. గమ్ కలపడం, టైల్స్ మోయడం, జాయింట్లు తుడవడం అతనికి అప్పగించి, లేఅవుట్, మట్టం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.