పళ్ళ సెట్టు కుదరడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

మా అమ్మ పళ్ళ సెట్టు మూడు నెలలు స్టీలు డబ్బాలోనే ఉండిపోయింది. పెళ్ళిళ్ళకి మాత్రం పెట్టుకునేది, విస్తరి ముందు కూర్చోగానే తీసి చేతిరుమాల్లో చుట్టేసేది. ఎందుకమ్మా అంటే "నా నోటికి పడలేదురా, వదిలెయ్" అనేది. అంబలీ మజ్జిగన్నంతోనే రోజులు గడిపి బాగా చిక్కిపోయాక గానీ నేను మేలుకోలేదు. తర్వాత పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నవి, ఇంట్లో చూసి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాట అంటున్నారో ఆ మాట దగ్గర మొదలుపెట్టండి.

"ఒకే చోట గుచ్చుతోంది, పుండు పడింది"

కొత్త సెట్టుతో మొదటి వారంలో ఇది దాదాపు అందరికీ ఉంటుంది. కొలత తీసినప్పుడు చిగురు కదలకుండా ఉంటుంది. నమిలేటప్పుడేమో సెట్టు చిగురులోకి దిగుతుంది. అంచు రవ్వంత పొడుగ్గా ఉన్నా, లోపల చిన్న బొడిపె ఉన్నా, పెదవినీ చిగురునీ కలిపే సన్నటి పొర దగ్గర గాడి చాలకపోయినా అక్కడే ఒరుసుకుంటుంది. అందుకే సెట్టు ఇచ్చిన మర్నాడు, మళ్ళీ రెండు మూడు రోజులకి, ఆ తర్వాత వారానికి రమ్మంటారు. మొక్కుబడికి రమ్మన్నారనుకుని మానేయకండి, సెట్టు తయారీలో సగం పని అప్పుడే జరుగుతుంది.

నొప్పి భరించలేకపోతే తీసేసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు కొన్ని గంటల ముందు మళ్ళీ పెట్టుకుని, వీలైతే ఏదైనా నమిలి వెళ్ళండి. చిగురు మీద ఎర్రటి గుర్తు కనబడితేనే ఎక్కడ అరగదీయాలో తెలుస్తుంది. లోపలి వైపు తెల్లటి పేస్టు రాసి పెట్టించి చూస్తారు. పేస్టు ఎక్కడ చెరిగిపోతే అక్కడే ఒత్తిడి.

ఇంట్లో అరగదీయడం మాత్రం వద్దు. అమ్మ బాధ చూడలేక మా నాన్న ఉప్పుకాగితంతో పై సెట్టు అంచు రుద్దేశారు. పుండు మానింది గానీ గాలి లోపలికి పోకుండా ఆపే అంచు పోయి, సెట్టు ఊడిపడటం మొదలైంది. తర్వాత దాన్ని సరిచేయడానికి అయిన ఖర్చు, రెండు నిమిషాల్లో డాక్టరు చేసే పనికి అయ్యేదానికన్నా చాలా ఎక్కువ.

"కింది సెట్టు అసలు నిలవదు"

అందరిదీ ఇదే ఫిర్యాదు, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. పై సెట్టు అంగిలినంతా కప్పుతుంది. కింది దానికి గుర్రపు నాడా ఆకారంలో సన్నటి గట్టు మాత్రమే ఆధారం, నాలుక ప్రతి మాటకీ దాన్ని ఎత్తుతూ ఉంటుంది. దీనికి తోడు, పళ్ళు పీకాక దవడ ఎముక అరుగుతుంది. మొదటి ఏడాది ఆ అరుగుదల జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఏళ్ళ తరబడి చూస్తే పై దవడకన్నా కింది దవడ దాదాపు 4 రెట్లు ఎక్కువ అరుగుతుంది. నిరుడు సరిపోయిన సెట్టు ఈ ఏడాది లూజు అయితే దానికి కారణం ఇదే. సెట్టు మారలేదు, దాని కింద నేల మారింది.

మొదట నాలుకకి అలవాటు నేర్పాలి. నాలుక కొసని కింది ముందుపళ్ళ వెనక ఆనించి ఉంచితే సెట్టు కిందకి అణిగి ఉంటుంది. నాలుకని వెనక్కి లాక్కునేవాళ్ళకి అది లేచిపోతుంది. నమలడం సరిగ్గా అలవాటు కావడానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు.

అలవాటయ్యాక కూడా ఊగుతుంటే రీలైనింగ్ చేయించండి. ఇప్పటి చిగురు ఆకారానికి సరిపోయేలా సెట్టు లోపల కొత్త పొర వేస్తారు, పళ్ళు పాతవే ఉంటాయి. చిగురు పల్చబడి ఏది తగిలినా నొప్పి అనేవాళ్ళకి మెత్తటి పొర కూడా వేస్తారు, కాకపోతే అది ఎక్కువకాలం రాదు, మార్చుకుంటూ ఉండాలి. అంటించే క్రీము తాత్కాలికంగా ఆదుకుంటుంది, రోజూ బారెడు రాయాల్సి వస్తోందంటే మాత్రం సెట్టే కుదరడం లేదని అర్థం. జింకు ఉన్న క్రీములు అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

గట్టు బాగా అరిగిపోయినవాళ్ళకి మరో దారి, కింది దవడ ఎముకలో రెండు ఇంప్లాంట్లు (మరల్లాంటి చిన్న లోహపు ముక్కలు) పెట్టి వాటికి సెట్టుని బొత్తాంలా తగిలించడం. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు, పళ్ళు లేని కింది దవడకి ముందుగా సూచించాల్సింది ఇదేనని తీర్మానించారు. ఖర్చు భరించగలిగితే నేనూ ఇదే చెబుతాను.

కింది పెదవి తిమ్మిరెక్కినా, నమిలితే షాక్ కొట్టినట్టున్నా వెంటనే చెప్పండి. ఎముక అరిగి, గడ్డం పక్కన బయటికి వచ్చే నరం మీద సెట్టు కూర్చుంటే అలా అవుతుంది. అక్కడ లోపల గాడి తీస్తే ఉపశమనం ఉంటుంది.

"పై సెట్టు జారుతోంది"

పై సెట్టుని పట్టి ఉంచేది లాలాజలపు సన్నటి పొర. నోరు ఎండితే ఆ పట్టు పోతుంది. బీపీకి, జలుబుకి, నిద్రకి, మనసు కుంగుబాటుకి వాడే మందుల్లో కొన్ని నోరు ఎండిపోయేలా చేస్తాయి. మందుల చీటీ పట్టుకెళ్ళి చూపించండి, మీ అంతట మీరు ఆపకండి. తడిపి పెట్టుకోవడం, గుటక గుటకగా నీళ్ళు తాగుతూ ఉండటం సాయపడతాయి. నోరు తడిగానే ఉన్నా జారుతోందంటే అంచుల్లోనో, వెనక భాగంలోనో లోపం ఉన్నట్టు.

వాంతి వచ్చినట్టుంటే వెనక అంచు మరీ పొడుగైనా అయి ఉండాలి, లేదా సెట్టు ఊగుతూ అంగిలికి తగులుతూనైనా ఉండాలి. కొత్తలో ముక్కుతో నిదానంగా ఊపిరి పీల్చుకుంటే చాలామందికి సర్దుకుంటుంది.

"పళ్ళు టకటకమంటున్నాయి" లేదా "మొహం ముడుచుకుపోయింది"

ఈ రెండూ ఒకే కొలతకి అటూ ఇటూ. ఏమీ నమలకుండా ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సెట్టు ఎత్తు ఎక్కువైతే ఆ సందు పోతుంది, మాట్లాడితే చప్పుడు, సాయంత్రానికి దవడ నొప్పి. పళ్ళు అరిగి ఎత్తు తగ్గితే గడ్డం ముక్కు వైపు వస్తుంది, పెదవుల మూలల్లో ఉమ్మి నిలిచి పగుళ్ళు పడతాయి. ఆ పగుళ్ళకి ఆయింట్‌మెంటు రాస్తూ ఎత్తు సరిచేయకపోతే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఇక్కడ రీలైనింగ్ సాధారణంగా చాలదు, కొత్త సెట్టే.

స, శ, ఫ పలకకపోతే రోజూ పేపరు గట్టిగా చదివించండి. మూడు వారాలు దాటినా మారకపోతే ముందుపళ్ళ అమరిక చూడమనండి.

"అంగిలి ఎర్రగా ఉంది, మంట"

రాత్రీ పగలూ సెట్టు తీయనివాళ్ళలో దాని కింద ఫంగస్ పెరుగుతుంది, షుగరు ఉన్నవాళ్ళకి మరీను. రాత్రి తీసి, మెత్తని బ్రష్‌తో మామూలు సబ్బు పెట్టి కడిగి, చల్లని నీళ్ళలో ఉంచండి. వేడినీళ్ళు పోస్తే సెట్టులోని ఆక్రిలిక్ ప్లాస్టిక్ వంగిపోతుంది, టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. ఎండుగా డబ్బాలో పెట్టడమూ తప్పే. కడిగేటప్పుడు కింద గిన్నెలో నీళ్ళు పెట్టుకుంటే చేయి జారినా విరగదు. విరిగితే ఫెవిక్విక్‌తో అంటించవద్దు, ముక్కలన్నీ తీసుకెళ్ళండి.

రెండు వారాల్లో మానని పుండుని ఒరుపు అనుకుని ఊరుకోవద్దు. మా వైపు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పు కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడ క్యాన్సరు రావచ్చు, పై సెట్టు దాన్ని కప్పేస్తుంది. గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నా అంతే. నెలకొకసారి సెట్టు తీయించి, టార్చి వేసి మీరే చూడండి.

తినడం సంగతి

మొదటి వారం మెత్తగా కలిపిన పప్పన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు. తర్వాత చిన్న ముక్కలు, నోట్లో కుడి, ఎడమ పక్కలకి సమానంగా పెట్టుకుని ఒకేసారి నమలాలి. ఒక్క పక్కే నమిలితే రెండో పక్క లేస్తుంది. జామకాయని ముందుపళ్ళతో కొరక్కుండా ముక్కలు కోయండి. నువ్వుగింజ కిందికి దూరితే సూదిలా గుచ్చుతుంది, భోజనం అయ్యాక తీసి కడగాల్సిందే. అమ్మ ఇప్పుడు జంతికలు తింటోంది, పాలల్లో రెండు నిమిషాలు నానబెట్టుకుని.