అమెరికా ఐపీ బ్లాకు కొనాలనుకుంటే రేటు కన్నా ముందు రూల్సు చూసుకోండి

చిన్న ఐఎస్పీ, అంటే ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీ, నడిపే వాళ్ళందరిదీ ఒకటే గోల. కనెక్షన్లు పెరుగుతున్నాయి, పబ్లిక్ ఐపీలు (బయట ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రసులు) లేవు, ఊరు ఊరంతా నాలుగు ఐపీల వెనక తోసేస్తే సీసీ కెమెరా పెట్టుకున్నాయనా గేమ్ ఆడే పిల్లాడూ ఇద్దరూ ఫోన్ చేసి తిడతారు. ఐపీవీ4 అనే పాత అడ్రసు పద్ధతిలో ఉన్నవే మొత్తం 430 కోట్ల లోపు, ప్రపంచం మొత్తానికి అడ్రసులు పంచే అయానా దగ్గరున్న స్టాకు 2011 ఫిబ్రవరి 3నే ఖాళీ, చివరి ఐదు పెద్ద బ్లాకులు (బ్లాకంటే వరసగా ఉండే అడ్రసుల గుంపు) ప్రపంచంలోని ఐదు రీజియన్లకి తలా ఒకటి పంచేశారు. కొత్త మెంబర్‌కి మన దేశంలో అడ్రసులిచ్చే ఐరిన్‌లో 512 అడ్రసుల దాకా దొరకొచ్చు, మీరింకా తీసుకోకపోతే ముందు అది అడగండి. అంతకు మించి కావాలంటే కొనుక్కోవడమే, సరుకు ఎక్కువున్నది అమెరికాలో, మొదట్లో అక్కడి యూనివర్సిటీలకీ కంపెనీలకీ దోసిళ్ళతో పోసేశారు కాబట్టి.

బ్రోకర్‌కి ఫోన్ చేసే ముందు ఒక పంచాయితీ తెలుసుకోవాలి. ఏ బ్లాకు ఎవరిదో రాసిపెట్టే సంస్థని రిజిస్ట్రీ అంటారు, రీజియన్‌కి ఒకటి. బ్లాకు ఇచ్చే రిజిస్ట్రీ, తీసుకునే రిజిస్ట్రీ, ఇద్దరి రూల్సూ కలిస్తేనే పేరు మారుతుంది. అమెరికా వైపు రిజిస్ట్రీ అరిన్ (మన ఐరిన్ వేరు, ఫోన్లో ఈ రెండూ కలిపేసి చాలా టైమ్ పోగొట్టుకున్నా) పట్టు ఏంటంటే, అవతలి రీజియన్‌లో కూడా కొనేవాడు ఆ అడ్రసులు తనకెందుకు అవసరమో చూపించే రూల్ ఉండాలి, ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉండాలి. మన ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ ఎపినిక్ ఒకప్పుడు ఆ అవసరం రూల్ ఎత్తేసింది, డబ్బు పోసి కొనేవాడికి అవసరం లేకుండా ఉంటుందా అని వాదన, కానీ అట్లయితే అమెరికా తలుపు తెరుచుకోదు కాబట్టి మళ్ళీ పెట్టుకోవాల్సొచ్చింది. యూరప్ రైప్ వాళ్ళది ఇంకో తమాషా, వాళ్ళలో వాళ్ళు కొనుక్కుంటే అవసరం అడగరు, అరిన్ నుంచి తెస్తే మాత్రం ఐదేళ్ళలో సగమైనా వాడతామని ప్లాన్ రాసివ్వాలి. ఆఫ్రికా వైపు అఫ్రినిక్‌లో బయటికి పోనివ్వాలా వద్దా అని ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు, వేరే రీజియన్‌తో ట్రాన్స్‌ఫర్ దారే లేదు, కాబట్టి ఆఫ్రికా బ్లాకు మీ పేరు మీద రాయించి ఇస్తానని ఎవడైనా వస్తే దణ్ణం పెట్టి పంపేయండి.

నా మటుకు నాకు అవసరం రూల్ ఉండటమే మేలు, అది కూడా లేకపోతే డబ్బున్నోళ్ళు కొని దాచుకుంటారు, మనలాంటోళ్ళం నెలనెలా అద్దె కట్టుకుంటూ బతకాలి.

సరే పనిలోకి వద్దాం. ముందు వచ్చే 24 నెలల ప్లాన్ రాయండి, ఇప్పుడు ఎంతమంది కస్టమర్లు, ఏ ఏరియాలో ఎన్ని పెరుగుతాయి, ఏ రౌటర్లు కొన్నారు, బిల్లులతో సహా. దాంతో మన రిజిస్ట్రీ దగ్గర ప్రీ అప్రూవల్ (ముందస్తు ఆమోదం) తెచ్చుకుని అప్పుడు బేరానికి కూర్చోండి. కొనే బ్లాకు కనీసం స్లాష్ 24, అంటే 256 అడ్రసులు ఉండాలి.

బ్లాకు చూడగానే హూయిజ్‌లో, అంటే ఏ బ్లాకు ఎవరి పేరు మీదుందో చూపించే రికార్డులో, ఎవరి పేరుందో చూడండి, ఇదే అసలు తలనొప్పి. అమ్మే కంపెనీ ఎప్పుడో ఇంకోదాంట్లో కలిసిపోయి పాత పేరే ఉందనుకోండి, ఆ విలీనం కాగితాలన్నీ అరిన్‌కి చూపించేదాకా ఫైలు కదలదు. మాకు తెలిసినాయన ఒకరు అడ్వాన్సు మొత్తం పంపేసి ఇట్లాగే నెలలు కూర్చున్నాడు. డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, పెట్టండి, పేరు మారాకే విడుదల. స్పామ్ పంపిన ఐపీలని జాబితాలో పెట్టే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో కూడా వెతకండి, మెయిల్ సర్వర్ పెట్టే కస్టమర్ ఉంటే ఇది అస్సలు వదలొద్దు.

ఖర్చు తట్టుకోడానికి మీ పాత 103 బ్లాకు (103తో మొదలయ్యే అడ్రసులు) అమ్మేద్దామనుకుంటే, తీసుకున్న తేదీ నుంచి ఐదేళ్ళు దాటిందో లేదో చూసుకోండి, దాటకపోతే కుదరదు.

పేరు మారిన రోజే ఆర్‌పీకేఐలో (ఏ బ్లాకుని ఏ నెట్‌వర్క్ వాడొచ్చో సంతకంతో చెప్పే వ్యవస్థ) మీ ఏఎస్ నంబర్‌తో, అంటే మీ నెట్‌వర్క్ గుర్తింపు నంబర్‌తో, కొత్త ఆర్‌ఓఏ (ఆ అనుమతి రికార్డు) పెట్టండి. ఏ ఐపీ ఏ ఊరిదో చెప్పే జియోలొకేషన్ కంపెనీలకి కూడా వెంటనే రాయండి, లేకపోతే తెనాలిలో కూర్చున్న కస్టమర్‌ని ఓటీటీ వాడు అమెరికాలో ఉన్నాడనుకుని మ్యాచ్ చూడనివ్వడు, ఆ ఫోన్లన్నీ మీకే వస్తాయి.