ఆర్కిటిక్‌లో చలికాలం గట్టెక్కడం ఎలా? నాన్సెన్, యోహాన్సెన్‌ల పద్ధతి

1895 మార్చి 14న నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్, యాల్మార్ యోహాన్సెన్ మంచులో బిగుసుకుపోయిన తమ ఓడ ‘ఫ్రామ్’ దిగి ఉత్తర ధ్రువం వైపు బయల్దేరారు. వెంట 28 కుక్కలు, మూడు స్లెడ్జి బళ్లు, రెండు కయాక్ పడవలు. ఏప్రిల్‌లో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లారు (ధ్రువం 90 డిగ్రీల దగ్గర). అప్పటికి అంత ఉత్తరానికి వెళ్లినవాళ్లు లేరు. ఇక లాభం లేదని అక్కడే వెనక్కి తిరిగారు. ఆగస్టులో ఆర్కిటిక్ సముద్రంలోని ఫ్రాంజ్ జోసెఫ్ దీవులకు చేరేసరికి ఒక్క కుక్క కూడా మిగల్లేదు, చలికాలం నెత్తి మీదికొచ్చింది. అక్కడ ఇద్దరూ దాదాపు తొమ్మిది నెలలు బతికి బట్టకట్టారు. ఏం చేశారో వరసగా చూద్దాం.

1. ముందే ఆగిపోండి

ఇంకో పది రోజులు నడిస్తే మనుషులుండే చోటికి చేరతామేమో అనే ఆశే అసలు ప్రమాదం. వాళ్లు ఆగస్టు చివర్లోనే ఇక చాలనుకున్నారు. అక్టోబరు మధ్యకల్లా సూర్యుడు కనిపించడు, మళ్లీ వచ్చేది ఫిబ్రవరి చివర్లోనే. వేట, ఇల్లు, అన్నీ వెలుగు ఉండగానే అయిపోవాలి.

2. కొవ్వు, మాంసం పోగెయ్యండి

ముందు వాల్రస్‌లు, అంటే పెద్ద కోరలుండే భారీ సముద్ర జంతువులు. వాటి కొవ్వు పొయ్యికీ దీపానికీ, తోలు పైకప్పుకీ. తిండికి ధ్రువపు ఎలుగుబంట్లు. చచ్చిన వాల్రస్‌ను ఒడ్డుకు లాగడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకే నీళ్లలో తేలుతున్న కళేబరం మీదే పడుకుని కోశారు. రక్తం, నూనె, ఉప్పునీళ్లు బట్టల్లోకి ఇంకి, మళ్లీ వదల్లేదు. ఒక జాగ్రత్త: ఎలుగుబంటి కాలేయం తినకూడదు. అందులోని విటమిన్ ఎ మోతాదు మనిషికి విషమే. (1973 అంతర్జాతీయ ఒప్పందం తర్వాత ధ్రువపు ఎలుగుబంట్ల వేట మీద గట్టి ఆంక్షలున్నాయి. ఇది ఆ కాలం నాటి పద్ధతని గుర్తుంచుకోండి.)

3. నేలలోకి దిగి ఇల్లు కట్టండి

పనిముట్లు లేవు. స్లెడ్జి విరిచి, వాల్రస్ కోర తగిలించి, గునపం లాంటిది చేసుకున్నారు. వాల్రస్ భుజం ఎముకను కర్రకు కట్టి పార చేసుకున్నారు. వాటితో నేలను మూడడుగుల లోతు తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి, సందుల్లో నాచు కుక్కారు. సుమారు పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగ నడి దూలమైంది. దాని మీద వాల్రస్ తోళ్లు. అప్పటికే అవి గడ్డకట్టి బిగుసుకుపోతే, సముద్రపు నీళ్లలో నానబెట్టి మెత్తబరిచారు. గుమ్మం మాత్రం పాకుతూ వెళ్లేంత చిన్నగా ఉండాలి. పెద్దదైతే లోపలి వేడి నిలవదు. సెప్టెంబరు 28న ఇంట్లో చేరారు. పడకకు పరుపు కాదు, రాళ్లు. ఎలుగు తోళ్లు పరిచినా తుంట్లు పుండ్లు పడ్డాయి. ఆ ఒక్క పని ఇంకాస్త ఓపిగ్గా చెయ్యాల్సిందని నాకనిపిస్తుంది.

4. దీపం, వంట

స్లెడ్జికి తొడిగిన జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) రేకు అంచులు మడిచి ప్రమిదలు చేశారు. మందుల పెట్టెలోని కట్టుగుడ్డలు వత్తులు, వాల్రస్ కొవ్వు నూనె. పొగ పోవడానికి కప్పులో కంత పెట్టి, దాని మీద మంచుతోనే పొగ గొట్టం కట్టారు. అది కరుగుతూనే ఉండేది, కడుతూనే ఉండేవాళ్లు. ఇంత చేసినా గది మధ్యలో వేడి సున్నా డిగ్రీల దగ్గరే. గోడల మీద పేరుకున్న మంచు దీపం వెలుగులో తళతళలాడేది.

మెనూ మార్చే పని లేదు. పొద్దున ఉడకబెట్టిన ఎలుగు మాంసం, పులుసుతో సహా. రాత్రికి వేయించిన ముక్కలు. కూరగాయ లేదు, నిమ్మకాయ లేదు, అయినా విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాలేదు. తాజా మాంసంలో విటమిన్ సి కొంత ఉంటుంది, దాన్ని మాడ్చకుండా తింటే చాలు.

5. శుభ్రం సంగతి

సబ్బు లేకుండా జిడ్డు ఎలా పోతుంది? నీళ్లతో అస్సలు పోదు. చేతులకు ఎలుగు రక్తం, నూనె పట్టించి, నాచుతో గట్టిగా రుద్దడమే ఉత్తమమని నాన్సెన్ కనిపెట్టాడు. చొక్కాలు ఉడకబెట్టి, వేడి మీదుండగానే కత్తితో గీకితే జిడ్డు ఊడొచ్చేది. ఆ జిడ్డునూ పారేయలేదు, మంటకు వాడుకున్నారు. క్రిస్మస్‌కు యోహాన్సెన్ కొత్తబట్టల ముచ్చట తీర్చుకున్నది చొక్కా తిరగేసి తొడుక్కుని.

బయట ఏ వస్తువూ వదలకండి. నక్కలు తినేవాటితో ఆగవు, వీళ్ల థర్మామీటర్‌నే ఎత్తుకుపోయాయి.

6. నిద్ర, తోడు

దుప్పట్లు కలిపి ఒకే సంచిగా కుట్టుకుని ఇద్దరూ అందులో దూరారు. రోజుకు ఇరవై గంటలు పడుకున్న రోజులున్నాయి. అన్నాళ్లు ఒకే సంచిలో పడుకుంటూ కూడా చాలాకాలం ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకున్నారు. ‘నువ్వు’లోకి దిగింది ఆ చలికాలంలోనే. అంత ఇరుకులో కొంచెం మర్యాద మిగలడమే గొడవలు రాకుండా కాపాడిందేమో.

7. బయల్దేరేటప్పుడు

వసంతంలో దుప్పట్లతో కొత్త బట్టలు కుట్టుకుని, 1896 మే 19న బయల్దేరారు. ఇక్కడ మరిచిపోకూడనివి రెండు. ఒకటి, వాచీలకు రోజూ కీ ఇవ్వాలి. ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇద్దరి వాచీలూ ఆగిపోవడం వల్ల తామెక్కడున్నదీ తేల్చుకోలేకపోయారు. రెండు, పడవను గట్టి తాడుతో కట్టాలి. జూన్‌లో ఒకరోజు తాడు తెగి, సామానంతా ఉన్న కయాక్‌లు సముద్రంలోకి కొట్టుకుపోతే, నాన్సెన్ గడ్డకట్టే నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చాడు.

కొద్దిరోజులకే, జూన్ 17న, ఆ దీవుల్లోనే ఉన్న కేప్ ఫ్లోరా దగ్గర కుక్కల అరుపు వినిపించింది. అక్కడ మకాం వేసిన ఇంగ్లండ్ అన్వేషకుడు ఫ్రెడరిక్ జాక్సన్‌కు ఎదురుపడిన మనిషి మసితో నల్లగా, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. తర్వాత తూకం వేసి చూస్తే, ఓడ దిగిన నాటికంటే నాన్సెన్ పది కిలోలు, యోహాన్సెన్ ఆరు కిలోలు పెరిగారు.