ఐకియా గాలి మీటరుకు వైఫై బోర్డును చేత్తో కలిపే విధానం

ఐకియా వారి విండ్రిక్ట్‌నింగ్ అనే చిన్న పరికరం గదిలోని సన్నని ధూళిని, అంటే పీఎం 2.5ను, కొలిచి ఫలితాన్ని రంగు దీపాలతో మాత్రమే చెబుతుంది. ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాముల వరకు ఆకుపచ్చ, 85 వరకు పసుపు, ఆపైన ఎంతైనా ఎరుపు. దీపావళి రాత్రి హైదరాబాదులోని ఒక ఇంట్లో వెలిగిన ఎరుపు దీపం 90కి వెలిగిందో, 400కు వెలిగిందో తెలియదు. మన దేశంలో 24 గంటల సగటుకు పరిమితి 60 కాబట్టి, పసుపు దీపం మనం ఆ పరిమితికి లోపల ఉన్నామో, దాటామో కూడా చెప్పదు. లోపలి సెన్సరుకు మాత్రం అసలు అంకె తెలుసు. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ ఉన్న డీ1 మినీ అనే చిన్న బోర్డును మూడు తీగలతో కలిపితే ఆ అంకె వైఫై ద్వారా మన ఫోనుకూ అందుతుంది.

ప్రోగ్రాము ఎక్కించే పని తీగలు కలపకముందే పూర్తి చేయాలి. ఇలాంటి బోర్డులకు ప్రోగ్రాము తయారుచేసే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేరులో, ఈ పరికరం లోపల ఉన్న పీఎం1006 సెన్సరుకు సిద్ధంగా ఉన్న భాగాన్ని ఎంచుకుని, డేటా వచ్చే పిన్ను డీ2గా, వేగాన్ని 9600గా ఇస్తే చాలు. తీగలు కలిపిన తరువాత మార్పులను వైఫై ద్వారానే పంపాలి. ఐకియా పరికరానికీ డీ1 మినీకీ ఒకేసారి యూఎస్‌బీ తీగలు పెట్టకూడదు.

వెనుక ఉన్న నాలుగు స్క్రూలు తీస్తే, పరికరం బోర్డు మీద గుండ్రని చిన్న రాగి ప్యాడ్లు కనిపిస్తాయి. వాటిలో మనకు కావలసినవి 5వీ, జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల వైపు), రెస్ట్ అని రాసి ఉన్నవి. ఈ మూడో పేరు చూసి రీసెట్ అని పొరబడవద్దు. సెన్సరు నుంచి డేటా వచ్చేది ఆ ప్యాడు మీదే. పరికరం సొంత చిప్ సెన్సరును అడుగుతూ ఉంటుంది, సెన్సరు బదులిస్తూ ఉంటుంది, మన బోర్డు ఆ బదులును వింటుంది. అందుకే మన వైపు నుంచి డేటా పంపే తీగ అవసరం లేదు, కలపకూడదు కూడా. డీ3, డీ4, డీ8 పిన్లను వాడవద్దు. బోర్డు మొదలయ్యే క్షణంలో వాటి మీద ఉన్న వోల్టేజీని బట్టి చిప్ ఎలా లేవాలో నిర్ణయించుకుంటుంది.

సెన్సరు డేటా తీగ మీద వోల్టేజీ 3.3 వోల్టుల కంటే ఎక్కువ. నేరుగా కలిపి నడుపుతున్నవారు చాలామంది ఉన్నారు, కానీ ఈఎస్‌పీ8266 పిన్లు 3.3 వోల్టుల కోసం చేసినవి కాబట్టి నేను దాన్ని సమర్థించను. రెస్ట్ ప్యాడుకూ డీ2కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరును, డీ2కూ జీఎన్‌డీకీ మధ్య 20 కిలో ఓమ్‌ల రెసిస్టరును పెడితే, 5 వోల్టులు వచ్చినా పిన్ను దగ్గర సుమారు 3.3 మాత్రమే ఉంటుంది.

సోల్డరింగులో తొందర పనికిరాదు. ముందుగా ప్యాడు మీద అతుకు బాగా పట్టేందుకు కొద్దిగా ఫ్లక్స్ రాసి పలుచగా సోల్డరు పూయాలి, తీగ కొనకు కూడా విడిగా పూయాలి, ఆ తరువాత రెండింటినీ తాకించి ఐరన్‌ను ఒకటి రెండు క్షణాల్లో తీసేయాలి. నేను మొదటిసారి బిరుసు తీగ వాడాను. మూత మూసేటప్పుడు అది లాగడంతో ప్యాడు రాగితో సహా ఊడి వచ్చింది. అప్పటి నుంచి మెత్తని సన్న తీగనే వాడుతూ, అతుకుకు ఒక సెంటీమీటరు దూరంలో దాన్ని హాట్ గ్లూతో బోర్డుకు అంటిస్తున్నాను.

ఈ పరికరం యూఎస్‌బీ 5 వోల్టులతో నడుస్తుంది కాబట్టి ఇది సురక్షితం. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టుల నుంచి నేరుగా కరెంటు తీసుకునే చవక ఫ్యాన్, లైటు బోర్డులకు ఇదే పద్ధతి వర్తించదు. అక్కడ జీఎన్‌డీ అని రాసి ఉన్న చోటే ప్రాణం తీయగలదు.

కరెంటు ఇచ్చే ముందు 5వీకీ జీఎన్‌డీకీ మధ్య షార్ట్ లేదని మల్టీమీటరుతో చూసుకోవాలి. డీ1 మినీకి ఇన్సులేషన్ టేపు చుట్టి, పరికరంలోని చిన్న ఫ్యాను గాలి దారికి అడ్డం రాని ఖాళీలో అమర్చాలి; గాలి ఆడకపోతే అంకె తప్పుతుంది. స్క్రూలు బిగించే ముందు పక్కన ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. కాసేపటికి ఫోనులో అంకె 85 దాటడం, పరికరం మీద దీపం ఎర్రబడడం ఇంచుమించు ఒకేసారి జరిగితే మూత పెట్టేయవచ్చు.