అడ్డాకుల ప్లేట్ల యూనిట్లో వికలాంగులకు పని ఇవ్వాలంటే ఏం మార్చుకోవాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ వైపు అడ్డాకులతో విస్తర్లు, ప్లేట్లు చేసే చిన్న యూనిట్ పెట్టినవాళ్లు పోలియో వచ్చినవాళ్లనో, చెవులు వినపడనివాళ్లనో పనిలోకి తీసుకోవడానికి జంకుతారు. చాలాసార్లు అడ్డం వచ్చేది ఒక పెడలో, ఒక బజరో. దాన్ని మార్చుకోవచ్చు.

ముందు ఒక పూట పక్కన కూర్చుని పని చూడండి. ఆకు తీయడం, డైలో (అచ్చులో) పెట్టడం, పెడల్ తొక్కడం, ప్లేటు తీయడం, కట్ట కట్టడం. ఒక్కో కదలికా రాసుకుని, ఎక్కడ ఇబ్బందో పనిచేసే మనిషినే అడగండి. మా దగ్గర ఒక అక్కకి పెడల్‌తోనే కష్టం అనుకున్నాం. ఆవిడ అడిగింది స్టూల్ సంగతి. కాళ్లు నేలకి అందక వేలాడి, మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. పాదాల కింద ఒక చెక్కపీట వేశాం, అంతే.

తర్వాత పెడల్. ఆకులు కుట్టే మెషిన్‌కి మోటార్ ఉంటే, దాని స్పీడ్ పెడల్‌ని బల్ల మీద బిగించి మోచేత్తో నొక్కేలా చేయొచ్చు. వేడి ప్రెస్ దగ్గర మాత్రం తొందర వద్దు. కాలితో తొక్కే ప్రెస్‌ని చేతి స్విచ్‌కి మారిస్తే రెండో చెయ్యి డై కింద ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే రెండు బటన్లు దూరదూరంగా పెట్టించి, రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగేలా చేయించాలి. ఒక్క చెయ్యే ఉన్నవారికైతే, తలుపు మూస్తేనే ప్రెస్ నడిచేలా గార్డ్ కావాలి. ఇది తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. ఖర్చు తగ్గించుకోవాల్సిన చోటు కాదిది.

వినపడనివారి కోసం బజర్‌కి తోడు ఎదురుగా కనపడేలా ఒక లైటు పెట్టించండి. ఫైర్ అలారానికీ అంతే. మాట్లాడుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ ఉంది, తెలుగు మాటల్ని అక్షరాల్లో చూపిస్తుంది. మన దగ్గర ఒకరు ఒడియా చదువుతారు, ఒకరు తెలుగు, ఇంకొకరికి చదువే రాదు. కాబట్టి స్విచ్‌ల మీద రాతలకన్నా రంగులు, బొమ్మలు మేలు.

చూపు తక్కువ ఉన్నవారికి సైజు చూడటానికి ఇనుప రింగు ఒకటి చేయించండి. ప్లేటు అందులో సరిగ్గా కూర్చుంటే సైజు సరిపోయినట్టే, వేళ్లకే తెలిసిపోతుంది. లెక్కకి చెక్కలో ఐదు మేకులు, ఐదు రబ్బరు రింగులు. ఐదు ప్లేట్లకో రింగు మేకుకి తగిలిస్తే, మేకులు నిండేసరికి 25 ప్లేట్ల కట్ట.

వీల్‌చైర్, వినికిడి మెషిన్ లాంటివి వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో వస్తాయి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు దానికి అప్లై చేయించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వివరాలు జిల్లా సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అడగొచ్చు.

కొత్త స్విచ్ చేతికి అలవాటయ్యేదాకా ప్లేటుకింత అని కూలి లెక్కగట్టకండి, రోజుకూలి ఇవ్వండి. రెండు వారాల తర్వాత మళ్లీ పక్కన కూర్చుని, ఇంకా ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి.